పాయింటు తరవాత ఏముందో అడగలేదు

ఎకరానికి వంద సెంట్లు. తెనాలి పక్క పల్లెలో పెరిగినవాడికి ఇది ఎవరో చెప్పి నేర్పే సంగతి కాదు. కౌలు లెక్కల నోటుపుస్తకంలో నాన్న 2.20 అని రాశాడంటే రెండెకరాల ఇరవై సెంట్లు. దాని కింద 1.25 రాసి గీత గీస్తే మొత్తం 3.45. బళ్లో నేర్పిన దశాంశాల కూడికా పొలం లెక్కా ఒకటే కావడం వల్ల, అవి రెండు వేరు వేరు సంగతులన్న అనుమానమే నాకెప్పుడూ రాలేదు.

తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలని నాకు తెలియదా? తెలుసు. హైదరాబాద్‌లో ఉంటూ ఆ మాట వినకుండా ఎవరుండగలరు? సెంటంటే 48.4 గజాలు, గుంటంటే 121 గజాలు, ఎటునుంచి లెక్కగట్టినా ఎకరం 4,840 గజాలే. స్థలాల బేరాల దగ్గర ఈ అంకెలు నా నోటితో నేనే చెప్పాను. మరి ఒక విత్తనాల సంస్థకు ప్రోగ్రాం రాయిస్తున్నప్పుడు ఈ తెలిసిన సంగతి నాకెందుకు గుర్తు రాలేదు? పంట కోతలై, లెక్కలు ముగిసి, అందరూ మరిచిపోయిన తరవాత కూడా నన్ను వదలని ప్రశ్న ఇది. కోడ్ రాసిపెట్టే ఏఐ సహాయకుణ్ని ఎలా అడగాలో నాకు బాగా తెలుసని నమ్మిన రోజుల్లో జరిగింది కాబట్టి, ముందు ఆ నమ్మకాన్నే విప్పి చూసుకోవాలి.

పాత కరీంనగర్ జిల్లాలో హుజూరాబాద్, జమ్మికుంట వైపు హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తారు. ఊళ్లలో దాన్ని ఆడమగ వరి అంటారు. సంస్థ రైతుకు ఆడ విత్తనం, మగ విత్తనం ఎకరానికి ఇంతని లెక్కగట్టి ఇస్తుంది. రెండు వరుసలూ ఒకేసారి పూతకు రావాలి, అప్పుడే మగ పుప్పొడి ఆడ వరుసకు అందుతుంది. అందుకని ఏ నారు ఎప్పుడు పోయాలో తేదీలకూ లెక్క ఉంటుంది. సంస్థకూ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం ఎక్సెల్ షీటులో నింపి పంపేది అతనే. ఆ షీట్లు చదివి, ఒక్కో రైతుకున్న సర్వే నంబర్లన్నీ కలిపి, ఎవరికెంత విత్తనం పోవాలో జాబితా అచ్చువేసే ప్రోగ్రాం మేం రాయాలి. చిన్న పని. పూటలో అయిపోతుందని మా మేనేజరుతో అన్నాను, నిజంగానే పూటలో అయిపోయింది.

అప్పుడు నేనిచ్చిన ప్రాంప్ట్ ఇంకా నా దగ్గరుంది. ఇంగ్లీషులో రాశాను, తెలుగులో ఇలా ఉంటుంది: ‘నువ్వు ఇరవయ్యేళ్ల అనుభవమున్న సీనియర్ పైథాన్ ఇంజనీరువి. ఎక్సెల్ షీటు చదివి, రైతువారీగా విస్తీర్ణం కాలమ్ కలిపి, ఎకరానికి ఇచ్చిన మోతాదుతో గుణించి విత్తనం ఎంతో లెక్కగట్టు. కోడ్ శుభ్రంగా, వేగంగా, ప్రొడక్షన్‌కు పనికొచ్చేట్టు ఉండాలి. ఒక్కో మెట్టూ ఆలోచించి రాయి. తప్పులు చేయొద్దు. ఉదాహరణ: 1.50, 2.25 కలిపితే 3.75.’

ఇందులో ఒక్క వాక్యం కూడా నేను ఊరికే రాసింది కాదు. ప్రతిదానికీ వెనక ఒక చదువుంది. లెక్కలు చేయించేటప్పుడు మెట్టు మెట్టుగా ఆలోచించమని ఒక వాక్యం చేరిస్తే అప్పటి మోడళ్ల జవాబులు మెరుగుపడ్డాయని 2022లో పరిశోధకులు చూపించారు. నాలుగు ఉదాహరణలిస్తే మోడల్ పని తీరు పట్టుకుంటుందని 2020లో వచ్చిన జీపీటీ-3 పత్రమే చెప్పింది. ఇవి చదివాను, కొత్తగా చేరినవాళ్లకు చెప్పాను. మంచి ప్రాంప్ట్ వాక్యాలు దాచుకోవడానికి ఒక ఫైలు పెట్టుకున్నాను. అది పెరుగుతున్న కొద్దీ నా నైపుణ్యం పెరుగుతోందని అనుకున్నాను. ఏ మాట వాడితే యంత్రం బాగా వింటుందో అన్న విషయం మీదే నా శ్రద్ధంతా ఉండేది. అసలు నేను అడుగుతున్న వస్తువు నాకు తెలుసా అన్నది ఆ ఫైలులో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆ ఉదాహరణ చూడు. 1.50. ఎకరా యాభై గుంటలన్నది ఏ పాస్‌బుక్కులోనూ ఉండదు. ముప్పై తొమ్మిది దాటి ఇంకో గుంట చేరితే అది ఎకరంలో కలిసిపోతుంది. పట్టాదారు పాసుపుస్తకంలో విస్తీర్ణం పక్కన ఎ.గుం. అని ఉంటుంది, అంటే పాయింటుకు ఇటు ఎకరాలు, అటు గుంటలు. దశాంశ బిందువు అనుకుని నేను చూసినది రెండు కొలతల మధ్య పెట్టిన గుర్తు మాత్రమే. 2.20, 1.25 కలిపితే ఇక్కడ 3.45 రాదు, 4.05 వస్తుంది. నేను ఇచ్చిన ఆ ఒక్క ఉదాహరణ, ఉదాహరణలివ్వాలని పుస్తకం చెప్పినట్టు బుద్ధిగా ఇచ్చిన ఉదాహరణ, పాయింటు తరవాతవి దశాంశాలేనని యంత్రానికి గట్టిగా చెప్పింది.

ఇది నేను చాలాకాలం ఒప్పుకోలేదు. గొడవ బయటపడ్డాక మీటింగులో ఏమన్నాను? ఏఐ తనంతట తాను దశాంశమని ఊహించేసుకుందన్నాను. అందరూ తలాడించారు. యంత్రం ఊహిస్తుందన్న మాట అప్పటికే లోకంలో ఉంది కాబట్టి ఎవరూ నన్ను ప్రాంప్ట్ చూపించమనలేదు. అది ఊహించలేదు. నేను చెప్పింది చేసింది. చెప్పకుండా వదిలేసి ఉంటే కొంత నయం, అప్పుడు కనీసం ఊహ అనే మాట నిజమయ్యేది. నేను తప్పు చెప్పి, అది విన్నదని నింద వేశాను.

చెప్పకపోతే మాత్రం ఏం చేసేది? అదీ నాకు తెలిసుండాల్సిందే. ఈ సహాయకుడి ముందు ఉండేది నేను పెట్టిన పాఠమూ, నేను తెరిచి చూపిన ఫైళ్లూ. వాటిలో లేనిదాన్ని అది చదువుకున్న లెక్కలేనంత కోడ్‌లో ఎక్కువగా కనబడిన తీరుతో పూరిస్తుంది. ప్రపంచంలో విస్తీర్ణమన్న పేరుతో ఉన్న కాలమ్‌లు చాలావరకు దశాంశాలే అయి ఉంటాయి. అంటే దాని మామూలూ నా తెనాలి మామూలూ ఒకే చోట కలిశాయి. అందుకే అది రాసిచ్చిన కోడ్ చదువుతుంటే నాకు ఎక్కడా కాలికి రాయి తగల్లేదు. అది నాకు తెలియని పొరపాటు చేసి ఉంటే పట్టుకునేవాణ్నేమో. నా పొరపాటే నాకు తిరిగి ఇచ్చింది, చక్కటి పేర్లున్న వేరియబుల్స్‌తో, వివరంగా రాసిన కామెంట్లతో. అంత పొందికగా ఉన్నదాన్ని అనుమానించాలని అనిపించలేదు.

టెస్టుల సంగతి ఇంకా నొప్పి. టెస్టులు కూడా రాయమన్నాను. రాసింది. అన్నీ నెగ్గి పచ్చగా వచ్చాయి. 1.50కి 2.25 కలిపితే 3.75 వస్తోందా? వస్తోంది. 0.75 రెండుసార్లు కలిపితే 1.50 వస్తోందా? వస్తోంది. కోడ్ ఏ అర్థం నుంచి పుట్టిందో టెస్టులూ ఆ అర్థం నుంచే పుట్టాయి, ఇక అవి దేన్ని పట్టుకోగలవు? టెస్టన్నది బయటినుంచి రావాలి. జమ్మికుంటలో ఒక రైతు పాస్‌బుక్కు, దాని పక్కన ఆర్గనైజర్ చేత్తో వేసిన మొత్తం, ఈ రెండూ ఉంటే అది టెస్టు. నా దగ్గరున్నది నా మాటకు నా మాటే సాక్ష్యం.

కోడ్ రివ్యూ చేసింది మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి. జగిత్యాల వైపు పిల్ల. ‘అన్నా, ఈ శాంపిల్ షీటు ఎవరు పంపిన్రు? రైతులదేనా?’ అని అడిగింది. నేనే తయారు చేశాను, అసలు షీట్లు తరవాత వస్తాయి, ముందు రివ్యూ కానివ్వు అన్నాను. మర్యాదగానే అన్నాను. కానీ ఇంకో ప్రశ్న అడగడానికి వీల్లేకుండా అన్నాను. ఆ రోజు మొత్తంలో సరైన ప్రశ్న అదొక్కటే. ఆ పిల్ల వాళ్ల ఇంట్లో గుంటల లెక్క వింటూ పెరిగి ఉంటుంది, నేను సెంట్ల లెక్క వింటూ పెరిగినట్టే. అసలు షీటు ఒక్కటి ఆమె కళ్లముందు పెట్టి ఉంటే అక్కడితో ఆగిపోయేది. యంత్రంతో రోజంతా మాట్లాడే ఓపిక నాకుంది, పక్క కుర్చీలో మనిషి అడిగినదానికి రెండు నిమిషాలు ఆగే ఓపిక లేకపోయింది. ఇది ఆ ఒక్కరోజు సంగతి కాదని తరవాత వెనక్కి తిరిగి చూసుకుంటే తెలిసింది. ఏఐ చేతికొచ్చాక నేను మనుషుల్ని అడగడం మెల్లగా మానేశాను. అది విసుక్కోదు, నాకు తెలియదని ఎవరికీ చెప్పదు. నాకు ఇష్టమైనవి ఆ రెండూ.

మొదటి తప్పు పట్టుకున్నది ఒక ఆర్గనైజర్. పంపిణీకి ముందు జాబితా అచ్చు చూసి ఫోన్ చేశాడు. ‘సార్, మూడెకరాల నలభై ఐదు గుంటలేంది? నలభై కాంగనే ఎకరమైతది గద. నాలుగెకరాల ఐదు గుంటలు గావాలె.’ ఆయన కోడ్ చూడలేదు, టెస్టులు చూడలేదు. కాగితం మీద ఉండకూడని ఒక అంకె కనబడింది, అంతే.

అప్పుడు కాగితం పెన్ను తీసుకుని లెక్క వేసుకుంటే నాకు అర్థమైన విషయం ఇది. గుంటల్ని దశాంశాలుగా తీసుకుంటే తప్పు ఎప్పుడూ ఒకే వైపు పోతుంది. ముప్పై గుంటలంటే ముప్పావు ఎకరం, నా ప్రోగ్రాంకి అది 0.30. ఇరవై గుంటలంటే అర ఎకరం, ప్రోగ్రాంకి 0.20. నలభయ్యో వంతును వందో వంతుగా చూస్తున్నాం కాబట్టి ఏ రైతుకూ పొరపాటున కూడా ఎక్కువ రాదు. ప్రతివాడికీ తగ్గుతుంది. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ వచ్చి మొత్తం మీద సరిపోయే తప్పు కాదిది. పాయింటు తరవాత ఒక్క గుంటైనా ఉన్న ప్రతి రైతు దగ్గరా కొంత కోసేసే తప్పు. ఆ సాయంత్రం దాని బరువు నాకు పూర్తిగా తెలియలేదు. తొందరగా సరిచేసేయాలన్న ఆదుర్దాలో ఉన్నాను. ఆ ఆదుర్దాలో రెండో తప్పు చేశాను.

‘పాయింటు తరవాత ఉన్నవి గుంటలు, 40 గుంటలు ఒక ఎకరం. కోడ్ సరిచెయ్యి.’ ఇదీ నా రెండో ప్రాంప్ట్. ఈసారి కొలత చెప్పాను, నిజమే. డేటా ఎలా వస్తోందో చెప్పలేదు. యంత్రం విస్తీర్ణాన్ని అక్షరాలుగా మార్చి, పాయింటు దగ్గర విడగొట్టి, ఎడమవైపుది ఎకరాలు, కుడివైపుది గుంటలు అని తీసుకునే కోడ్ ఇచ్చింది. చదివితే ఎవరికైనా సరిగ్గానే ఉందనిపిస్తుంది. కానీ ఎక్సెల్‌లో ఆ కాలమ్ సంఖ్యగా ఉంది. సంఖ్యగా ఉన్న 2.20కి చివరి సున్నా ఉండదు, అది ఉత్త 2.2. విడగొడితే రెండెకరాల రెండు గుంటలవుతుంది.

1.25 సరిగ్గా వస్తుంది. 1.05 సరిగ్గా వస్తుంది. 3.38 సరిగ్గా వస్తుంది. పాయింటు తరవాత రెండంకెలు రాసినవాటిలో దెబ్బతినేవి పది, ఇరవై, ముప్పై గుంటలు మాత్రమే. పది గుంటలంటే పావు ఎకరం, ఇరవై అంటే అర, ముప్పై అంటే ముప్పావు. అన్నదమ్ములు పంచుకున్నా, కొన్నా, అమ్మినా జనం భూమిని కోసుకునేది ఆ గీతల దగ్గరే. నేను ఈసారి టెస్టుకు పెట్టినవి 1.25, 1.05, ఆర్గనైజర్ చెప్పిన మొత్తాన్ని పట్టి చూడటానికి 2.35, 1.10. ఆ చివరి 1.10 నిజంగా షీటు నుంచి వచ్చి ఉంటే అక్కడే దొరికేది. దాన్ని నేను టెస్టు ఫైలులో అక్షరాలుగా టైపు చేశాను, సున్నా అక్కడ పదిలంగా ఉంది. మళ్లీ పచ్చరంగు.

రెండెకరాల ఇరవై గుంటలున్న రైతుకు నా మొదటి తప్పు వల్ల పన్నెండు గుంటలకు సరిపడా విత్తనం తగ్గేది. సరిచేశానని నేను చెప్పిన తరవాత పద్దెనిమిది గుంటలకు తగ్గింది. ఈ వాక్యం నేను చాలాసార్లు మనసులో అనుకున్నాను. సరిచేసిన తరవాత ఎక్కువైంది.

ఈసారి సంచులు కదిలాయి. నారుమడి దగ్గర తక్కువైందని కొందరు చెప్పారు, మిగతా విత్తనం పంపించారు, కానీ రోజులు పోయాయి. పూత కలవడానికి తేదీలు చూసుకుని పోసే నారు అది. ఎంత నష్టమైందో నాకెవరూ లెక్క చెప్పలేదు, అడిగే ధైర్యం చేయడానికి నాకు కొంత కాలం పట్టింది. ఆర్గనైజర్ నంబరిస్తే ఒక రైతుతో మాట్లాడాను. ఆయన కోప్పడలేదు. ‘నా పాస్‌బుక్కుల ఇరవై గుంటలని రాసే ఉన్నది గద సార్. మీరెవ్వలన్న చూసిన్రా?’ అని అడిగాడు. లేదన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు, నేను క్షమాపణ చెప్పాను, ఫోన్ పెట్టేశాం.

ఆ రెండు తప్పుల మధ్య ఉన్న రాత్రి నేను ఆ యంత్రంతో మాట్లాడిన తీరు గురించి కూడా చెప్పుకోవాలి. పాత సంభాషణ అంతా అలాగే ఉంది, ఇంగ్లీషులో పెద్ద అక్షరాల్లో, ఎన్నిసార్లు చెప్పాలి, జాగ్రత్తగా చదువు, ఇదే ఆఖరుసారి అని. ప్రతిసారీ అది క్షమించమని ఏదో ఒకటి మార్చింది. మధ్యలో, ఇది ఖాయమేనా అని అడిగాను. లేదు, మీరన్నది నిజమే అంటూ సరిగ్గా ఉన్న ఇంకో ఫంక్షన్ మార్చింది. మళ్లీ ఖాయమేనా అంటే వెనక్కి మార్చింది. ఆ ఊగిసలాటను నేను పరిశీలన అనుకున్నాను. ఈ మోడళ్లకు ఎదుటివాడి మాటకు ఒప్పేసుకునే గుణం ఉందని చదివి ఉన్నాను. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ తన మోడల్‌కు చేసిన ఒక మార్పును, అది వాడేవాళ్లకు అతిగా వంత పాడుతోందని గుర్తించి వెనక్కి తీసుకుంది కూడా. అయినా ఆ రాత్రి దాని అంగీకారం నాకు కావలసి వచ్చింది. నా కోపంలో సమాచారం ఏమీ లేదు. ‘విస్తీర్ణం కాలమ్ ఎక్సెల్‌లో సంఖ్యగా ఉంది’ అన్న ఒక్క ముక్కలో ఉంది. అరిచిన వాక్యాలన్నీ ఆ ముక్క రాయాల్సిన చోటును ఆక్రమించాయి. ముందు పెట్టిన పాఠం పొడుగైతే దాని నడుమ ఉన్నవి మోడల్‌కు సరిగ్గా అందకపోవచ్చని 2023లోనే పరిశోధకులు చూపించారు. కొత్త సంభాషణ తెరిచి, తెలిసినంతా ఒకచోట శుభ్రంగా పెట్టి మొదలుపెట్టాల్సినవాణ్ని, పాతదాని మీద పాతది పేర్చుకుంటూ పోయాను.

ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త 1978లో ఒక చిన్న వ్యాసం రాశాడు. మనుషులు మాట్లాడే భాషలో ప్రోగ్రాములు రాయాలనుకోవడం బుద్ధితక్కువ పనని దాని పేరులోనే ఉంది. కాలేజీలో చదివాను. కోడ్ సహాయకులు వచ్చాక ఆయన వాదానికి కాలం చెల్లిందని స్నేహితుల దగ్గర అన్నాను కూడా. చూడు, మామూలు ఇంగ్లీషులో అడిగితే పని జరిగిపోతోంది కదా అని. ఈ గొడవ తరవాత మళ్లీ తీసి చదివితే, ఆయన యంత్రం గురించి కన్నా మన గురించి ఎక్కువ చెబుతున్నాడని తెలిసింది. కచ్చితమైన గుర్తులతో రాయడం బరువుగా కనిపిస్తుంది గానీ, అర్థంలేని మాట నోటివెంట రాకుండా అదే మనల్ని కాపాడుతుందన్నది ఆయన వాదన. మామూలు భాషలో అర్థం లోపించినా వాక్యం నిండుగానే ఉంటుంది. ‘విస్తీర్ణం కాలమ్ కలుపు’ అన్న వాక్యంలో కర్మ ఉంది, క్రియ ఉంది, చదివేవాడికి లోటేమీ కనబడదు. దేని విస్తీర్ణం, ఏ కొలతలో, ఎలా రాసినది అన్న ప్రశ్నలు ఆ వాక్యం అడగనివ్వదు.

నేనే చేత్తో రాసి ఉంటే ఈ తప్పు చేసేవాణ్ని కాదా? నిజాయితీగా చెప్పాలంటే మొదట చేసేవాణ్నే. కానీ చేత్తో రాసేటప్పుడు అసలు షీటు తెరవక తప్పదు. వరసలు చూస్తూ చూస్తూ ఉంటే, వందల పొలాల్లో ఒక్కటి కూడా పాయింటు తరవాత ముప్పై తొమ్మిది దాటలేదేమిటని ఎక్కడో ఒకచోట అనిపించేది. పీటర్ నౌర్ అనే మరో శాస్త్రవేత్త 1985లో, ప్రోగ్రామంటే రాసిన కోడ్ కాదు, రాసేవాళ్లలో పుట్టే అవగాహన అని వాదించాడు. ఆ అవగాహన పుట్టే పనినే నేను ఇంకొకరికి అప్పగించాను. కోడ్ మాత్రం నాకు అందింది.

ఆ అమ్మాయి, నేను కలిసి ఇదంతా మళ్లీ మొదటినుంచి చేశాం. ఈసారి ముందు జమ్మికుంట ఆర్గనైజర్‌కు ఫోన్ చేసి పాస్‌బుక్కుల ఫొటోలు అడిగాం. వాటిలో మాకు తెలియనిది ఇంకోటి కనబడింది: కొన్నిటిలో పాయింటు తరవాత నాలుగంకెలున్నాయి. 1.0850 అంటే ఎకరా ఎనిమిదిన్నర గుంటలు. ఇది ఆయన చెబితే తెలిసింది. అప్పుడు రాసిన ప్రాంప్ట్ ఇది:

‘ఇంకా కోడ్ రాయొద్దు. ముందు ఇది చదివి, నీకు స్పష్టంగా లేనివి ప్రశ్నలుగా అడుగు. విస్తీర్ణం తెలంగాణ పాసుపుస్తకం నుంచి వస్తుంది. పాయింటుకు ముందు ఎకరాలు. తరవాత మొదటి రెండంకెలు గుంటలు. ఆ తరవాత అంకెలుంటే గుంటలో భాగం. ఎకరానికి 40 గుంటలు. ఇది దశాంశం కాదు. ఎక్సెల్‌లో కొన్ని గడులు సంఖ్యలుగా ఉన్నాయి, అందువల్ల 2.20 అన్నది 2.2గా వస్తుంది, దాన్ని ఇరవై గుంటలుగానే చదవాలి. కూడికలన్నీ గుంటల్లో జరగాలి, అచ్చువేసేటప్పుడే ఎకరాలు గుంటలుగా మార్చాలి. గుంటలు 39 దాటిన వరస ఏదైనా కనబడితే సరిదిద్దొద్దు, ఆపి చూపించు. పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, విడగొట్టొద్దు. జత చేసిన వరసలు అసలు రికార్డుల నుంచి తీసినవి, మొత్తాలు ఆర్గనైజర్ చేత్తో వేసినవి. నీ కోడ్ ఫలితం వీటితో కలవాలి. వీటిని మార్చొద్దు.’

ఇందులో సీనియర్ ఇంజనీరువని అనడం లేదు. తప్పులు చేయొద్దని లేదు. అది వెంటనే ప్రశ్నలు వేసింది. అక్షరాలుగా ఉన్న గడిలో 2.2 అని కనబడితే అది రెండు గుంటలా, ఇరవై గుంటలా? ఒకే సర్వే నంబరు ఇద్దరు రైతుల పేరు మీద వస్తే ఏం చేయాలి? ఎకరానికి మోతాదు కిలోల్లోనా, సంచుల్లోనా? మొదటి ప్రశ్నకు జవాబు మా ఇద్దరికీ తెలియదు. ఆర్గనైజర్‌ను అడిగితే, రెండు గుంటలైతే మేము 2.02 అనే రాస్తాం, 2.2 అని ఎవరన్నా కొడితే నన్ను అడగండి అన్నాడు. అదే ప్రాంప్ట్‌లోకి ఎక్కింది. ముందు అడుగు అని ఒక్క మాట అని ఉంటే ఆ యంత్రం మొదటిరోజే నన్ను కొలత అడిగి ఉండేదేమో. పని మొదలుపెట్టమని తొందర పెట్టింది నేను.

ఇప్పుడు ఆ ప్రాజెక్టు ఫోల్డరులో ఒక ఫైలు ఉంది, సహాయకుడు ప్రతిసారీ మొదట చదివేది. ఎకరాలు గుంటలు, తేదీలో రోజు ముందు నెల తరవాత, లక్షల దగ్గర కామా ఎక్కడ పడుతుంది, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. దాన్ని రాసేది ఎక్కువగా ఆ అమ్మాయే, నేను ఆమె రాసినదాన్ని రివ్యూ చేస్తాను. ప్రతి వాక్యం పక్కనా అది ఎవరు చెప్పారో, ఏ కాగితం నుంచి వచ్చిందో రాయాలని పెట్టుకున్నాం. ‘మనకు తెలిసిందే’ అని ఎవరైనా రాస్తే ఆ వాక్యం లోపలికి రాదు.

అయినా నాకు సమాధానం దొరకనిది ఒకటుంది. నాకు తెలియదని తెలిసినదాన్ని అడగగలను. గుంటల సంగతి అలాంటిది కాదు. నాకు తెలుసు, ఇక్కడ వర్తిస్తుందని తట్టలేదు, అంతే. అలాంటివి నాలో ఇంకెన్ని ఉన్నాయో ఎవరు చెప్పాలి? నాకూ యంత్రానికీ ఒకే మామూలు ఉన్నచోట అది చెప్పలేదు. వేరే నేల మీద పెరిగినవాళ్లే చెప్పగలరు. అందుకని ఇప్పుడు ప్రాంప్ట్ పంపే ముందు దాన్ని ఆ పని చేసే ఊరి మనిషికి చదివి వినిపిస్తున్నాను, ఫోన్లో, తెలుగులో, ఒక్కో వాక్యం. ఆయన ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతాను.

అదే సంస్థ ఇప్పుడు కర్ణాటకలో రాణిబెన్నూరు వైపు పత్తి, కూరగాయల విత్తనాలకు ఈ ప్రోగ్రాం వాడతామంటోంది. అక్కడి భూమి రికార్డు పహాణీలో ఎకరాలు, గుంటలు, ఆ పైన ఆణాలు ఉంటాయి, గుంటకు పదహారు ఆణాలు. అంటే మధ్యలో పాయింటు ఒక్కటే కాదు. ఇంతవరకు చదివి తెలుసుకున్నదే, చూసింది కాదు. అక్కడి ఆర్గనైజర్‌ను ఐదారు పహాణీలు ఫొటో తీసి పంపమన్నాం, వాటి మొత్తాలు ఆయన చేత్తో వేసి పంపమన్నాం. పనెప్పుడు మొదలుపెడతారని మేనేజరు అడిగితే, కాగితాలు వచ్చాక అన్నాను. ఇంకా రాలేదు.